160 గ్రాముల గొడవ

యూఏఈలో అజ్మాన్, ఉమ్ అల్ కువైన్ వైపు ఫైబర్ షాపుల్లో పనిచేసే మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట పడే ఉంటారు: "యే క్యా హై భాయ్, ఇత్‌నా రెజిన్?" ఏంటిది, ఇంత రెజినా అని. రెజిన్ అంటే కార్బన్ క్లాత్‌ని తడిపి గట్టిపరిచే జిగురు. జెట్‌స్కీ హుడ్, అంటే ఇంజిను మీది మూత, మోల్డ్ నుంచి ఊడీ ఊడకముందే ఫోర్‌మన్ దాన్ని కాటా మీద పెడతాడు. క్లాత్ నేత వంకర పోకుండా వచ్చిందా, అద్దంలా ఉందా అన్నది తర్వాత. 160 గ్రాములు ఎక్కువ చూపిస్తే చాలు, హుడ్ పక్కకి పోతుంది.

ఒళ్ళు మండదా మరి! ఆ హుడ్ ఎక్కేది కవాసాకీ ఎస్ఎక్స్-ఆర్ మీద. నిలబడి నడిపే బండే అయినా 1,498 సీసీ ఇంజిను, 250 కిలోల బరువు. నడిపే కుర్రాడు రేసు ముందురోజు రాత్రి లాగించే మందీ (అరబ్బుల మాంసం అన్నం) ఒక్కటే ఆ 160 గ్రాములకి మూడింతలు తూగుతుంది.

సరే, ఆ బరువు ఎక్కడిదో చూద్దాం. హుడ్ వైశాల్యం సుమారు 0.6 చదరపు మీటర్లు అనుకోండి. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) ట్విల్ నేత కార్బన్ క్లాత్ బయట రెండు లేయర్లు, లోపల రెండు, మధ్యలో 3 మి.మీ. పీవీసీ ఫోమ్. క్లాత్ మొత్తం 480 గ్రాములు. వాక్యూమ్ బ్యాగ్ కట్టి ఇన్‌ఫ్యూజన్ చేస్తే, అంటే గాలి లాగేసి రెజిన్ దానంతటదే క్లాత్‌లోకి పాకేలా చేస్తే, దానికి పట్టే రెజిన్ 320 గ్రాములు. చేత్తో రోలర్ కొడితే క్లాత్ ఎంతో రెజిన్ అంత, అంటే 480. తేడా ఆ 160 గ్రాములే. ఆ అదనపు రెజిన్ బలం ఇవ్వదు సరికదా, స్కూప్ (గాలి పీల్చే నోరు) మొదట్లో మూల తిరిగేచోట చేరి గట్టిపడి, అల దెబ్బకి మొదటి చీలిక అక్కడే ఇస్తుంది. ఫోర్‌మన్ మాట నచ్చకపోయినా లెక్క అతని వైపే ఉంది.

అలాగని మనవాళ్ళకి కొలత తెలియదంటే మాత్రం ఒప్పుకోను. కాకినాడలో ఫైబర్ పడవలు చేసేవాళ్ళు వాడేది పాలిస్టర్ రెజిన్. దానికి గట్టిపడేలా చేసే కేటలిస్ట్ ఒకటి నుంచి రెండు శాతం. మూతతో పోసినప్పుడు కాస్త అటూ ఇటూ అయితే ముందో వెనకో గట్టిపడుతుంది, గట్టిపడటం మాత్రం ఖాయం. ఇసుక మీద ఈడ్చే పడవకి అడుగు మందంగా ఉండటమే మంచిది కూడా. ఈ హుడ్‌లకి వాడే ఎపాక్సీ రెజిన్ అలా కాదు. అందులో హార్డెనర్ రెజిన్‌తో కలిసి అదే పదార్థంలో భాగమైపోతుంది. డబ్బా మీద 100కి 30 అని ఉంటే 30 గ్రాములే. ఎక్కువ పోసినా తక్కువ పోసినా మెత్తగానే మిగిలిపోతుంది. అక్కడ కంటి అంచనా పనికిరాదు.

ఇక్కడి ఎండ ఇంకో తలనొప్పి. 25 డిగ్రీల దగ్గర అరగంట ఆగే మిశ్రమం 35 దగ్గర పావుగంటే ఆగుతుంది. కిలో కలిపి బకెట్‌లో ఉంచితే పొగలు కక్కుతుంది. చేత్తో పూసే పనికైతే 300 గ్రాములు మించకుండా కలిపి వెడల్పాటి ట్రేలో పోసుకోవాలి. ఇన్‌ఫ్యూజన్ తెల్లారకముందే కానివ్వాలి. నల్లటి హుడ్ ఎండలో 70 డిగ్రీలు దాటుతుంది. మామూలు గది వేడికి ఆరిన ఎపాక్సీ 60 లోపే మెత్తబడి, అంచు వంగి, సీల్ దగ్గర నీళ్ళు కారతాయి. అందుకే మోల్డ్‌లో ఉండగానే గంటకి 10 డిగ్రీల చొప్పున 80కి పెంచి, ఐదారు గంటలు ఉంచాలి. అంచుకి 30 మి.మీ. ముందే ఫోమ్ ఆపేసి, అక్కడ ఆరు లేయర్లు గట్టిగా వేయాలి. లాచ్‌లకి అల్యూమినియం ముక్కలు వద్దు. కార్బన్, ఉప్పునీళ్ళు రెండూ తగిలితే అవి పొడి పొడిగా రాలిపోతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టి, కింద ఒక గ్లాస్ ఫైబర్ లేయర్ వేస్తే చాలు.

కాటా చెప్పలేనిది గాలి దారి. 7,500 ఆర్‌పీఎం దగ్గర ఆ ఇంజిను నిమిషానికి సుమారు 5,600 లీటర్ల గాలి పీలుస్తుంది. 75 మి.మీ. పైపులు రెండు ఉంటే ఇబ్బంది లేదు. ఇంజినులోకి గాలిని తోసే సూపర్‌చార్జర్ పెడితే వైశాల్యం పెంచాలి. కస్టమర్లు అడిగేది మాత్రం ముందుకి నోరు తెరిచిన స్కూప్. చూడ్డానికి బావుంటుంది. ముక్కు అలలోకి దిగిన క్షణంలో అదే గరాటా. నీళ్ళు సిలిండర్‌లోకి చేరితే నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఇది బొమ్మ గీసి చెప్పక్కర్లేదు. ముందున్నది ఉత్త అలంకారంగా మూసేసి, అసలు నోరు వెనక్కి తిప్పాలి. బండి దొర్లినా మునగడం తగ్గేలా మధ్య గీతకి దగ్గరగా పెట్టాలి. రంధ్రం చుట్టూ 20 మి.మీ. గట్టు లేపాలి. లోపల పైపు చివర ఎయిర్‌బాక్స్ (ఇంజినుకి గాలి అందించే పెట్టె) నోటికి దూరంగా, కనీసం 150 మి.మీ. కిందికి ఉండాలి. నీళ్ళు అడుగుకి పడిపోతాయి, గాలి మలుపు తిరిగి పైకెక్కుతుంది. చివర్లో బకెట్‌తో నీళ్ళు కుమ్మరించి చూడాలి.

ఇంత చేసిన హుడ్ పెయింట్ షాపుకి వెళ్తుంది. ఎండకి ఎపాక్సీ పచ్చబడకుండా పాలీయురేథేన్ క్లియర్ కోటు (రంగులేని పూత) కావాలి, రెండు కోట్లు చాలు. మెరుపు కోసం నాలుగు కొడతారు. కోటుకి 50 మైక్రాన్లు వేసుకున్నా 33 గ్రాములు, నాలుగింటికి 130. ఆ షాపులో కాటా లేదు, ఫోర్‌మన్ ఒక్క మాటా అనడు.