అంచు, హద్దు, ఒడ్డు: ఇంగ్లిష్‌లో ఈ మాటలను నేను చదివిన పద్ధతి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్న మిత్రులకు ఇది రాస్తున్నాను. రెండో దశ అయిన టైర్-2లో ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పు పెడితే 1 మార్కు కోత. తెలుగు మీడియం నుంచి వచ్చిన మనకు అక్కడ బాగా అడ్డం తగిలేవి తెలిసినట్టే అనిపించే చిన్న పదాలు. ఎడ్జ్, బోర్డర్, బౌండరీ, మార్జిన్, వర్జ్, బ్రింక్, రిమ్, బ్రిమ్... డిక్షనరీ తీస్తే దాదాపు అన్నిటికీ అంచు, హద్దు అనే ఉంటుంది. పేరాలో ఖాళీలు నింపే క్లోజ్ టెస్ట్‌లో నాలుగు ఆప్షన్లూ వీటిలోంచే వస్తే టెన్షన్ మొదలవుతుంది.

వీటిని సినానిమ్స్ జాబితాగా బట్టీ పట్టడం దండగని నా గట్టి అభిప్రాయం. మనం చీరకు అంచు, ఊరికి పొలిమేర, చేనుకు గట్టు, ఏటికి ఒడ్డు అంటాం. ఏటి పొలిమేర అని ఎవరూ అనరు. ఇది మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, వినీ వినీ అబ్బింది. అందుకే నోట్సులో పదం పక్కన అర్థం రాయడం మానేసి, ఆ పదంతో ఏ మాట వస్తుందో అది రాసుకోవడం మొదలుపెట్టాను. ఉదాహరణలకు వేరే పుస్తకం అక్కర్లేకపోయింది. చాలావరకు మన జీఎస్ (జనరల్ స్టడీస్) నోట్సులోనే దొరికాయి.

1947లో సిరిల్ రాడ్‌క్లిఫ్ అధ్యక్షుడిగా ఉన్నవి బౌండరీ కమిషన్లు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య గీత ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో తేల్చడం వాటి పని. ఇప్పుడు అక్కడ కాపలా కాస్తున్నది 1965లో ఏర్పడిన బోర్డర్ సెక్యూరిటీ ఫోర్స్. ఈ రెండు పేర్లు పక్కపక్కన పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. బౌండరీ అంటే ఇంతవరకే అని నిర్ణయించే గీత. అందుకే పొలానికి, జిల్లాకి, క్రికెట్ మైదానానికి కూడా అదే మాట. బోర్డర్ అంటే రెండు దేశాలో రాష్ట్రాలో కలిసే చోటు. గీతతో పాటు దాని వెంట ఉన్న నేల కూడా అందులోకి వస్తుంది. 1960లో మొదలైన బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్ రోడ్లు వేసేది ఆ నేల మీదే.

ఫ్రాంటియర్ ఇంకాస్త వేరు. పాలన పూర్తిగా పట్టు సాధించని కొస ప్రాంతం అన్న భావం అందులో ఉంది. బ్రిటిష్ వాళ్లు 1901లో నార్త్-వెస్ట్ ఫ్రాంటియర్ ప్రావిన్స్ ఏర్పాటు చేశారు. నార్త్-ఈస్ట్ ఫ్రాంటియర్ ఏజెన్సీ 1972లో అరుణాచల్ ప్రదేశ్ అయింది. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను ఫ్రాంటియర్ గాంధీ అన్నది కూడా ఆ నార్త్-వెస్ట్ ప్రావిన్స్ వల్లే. ఇది మనసులో ఉంటే ‘ఫ్రాంటియర్స్ ఆఫ్ సైన్స్’ అని ఎందుకంటారో విడిగా నేర్చుకోనక్కర్లేదు. తెలిసినది ఆగిపోయి తెలియనిది మొదలయ్యే చోటు అది.

బ్రింక్, వర్జ్ దగ్గర కాస్త ఆగండి. బ్రింక్ అసలు అర్థం నిట్టనిలువు చోటు కొస. ఇంకో అడుగు వేస్తే కిందికే. అందుకే దాని వెనక ఎక్కువగా వార్, కొలాప్స్, బ్యాంక్‌రప్ట్సీ లాంటి ప్రమాదాలే వస్తాయి. 1962 క్యూబా క్షిపణి సంక్షోభం గురించి చదివేటప్పుడు బ్రింక్‌మన్‌షిప్ అనే మాట మీకు తగిలే ఉంటుంది. యుద్ధం అంచు దాకా పోయి ఎదుటివాణ్ని లొంగదీసుకునే పద్ధతి అది. వర్జ్ మంచికీ చెడుకీ పనికొస్తుంది. ‘ఆన్ ది వర్జ్ ఆఫ్ టియర్స్’ అంటారు, ‘ఆన్ ది వర్జ్ ఆఫ్ ఎ బ్రేక్‌త్రూ’ అని కూడా అంటారు. వాక్యంలో తప్పు పట్టే ఎర్రర్ స్పాటింగ్ కోసం ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: ‘ఆన్ ది వర్జ్ ఆఫ్’ తర్వాత క్రియ వస్తే ‘కొలాప్సింగ్’ అనే ఉండాలి, ‘టు కొలాప్స్’ తప్పు.

రిమ్ గుండ్రటి వస్తువు చుట్టూ ఉండే అంచు: సైకిల్ చక్రానికి, గ్లాసుకి, కళ్లజోడుకి. బ్రిమ్‌లో నిండటం అనే భావం ఉంది, ‘ఫిల్డ్ టు ది బ్రిమ్’. ‘బ్రిమ్మింగ్ విత్ కాన్ఫిడెన్స్’ కూడా అలా పొంగిపొర్లడమే. టోపీ చుట్టూ ఉండేది కూడా బ్రిమ్మే.

మార్జిన్‌తో ‘బై’ వస్తుంది: ‘వన్ బై ఎ నారో మార్జిన్’. ఎకానమీలో ఒక హెక్టారు లోపు భూమి ఉన్న రైతును మార్జినల్ ఫార్మర్ అంటారని చదువుతాం కదా, ఆ పదమూ దీని నుంచి వచ్చిందే. ఎడ్జ్‌లో ఆర్టికల్ చూసుకోవాలి. ‘ఆన్ ఎడ్జ్’ అంటే కంగారుగా, చిరాగ్గా ఉండటం. ‘ఆన్ ది ఎడ్జ్ ఆఫ్’ అంటే దేనికో అంచున ఉండటం. ‘హ్యావ్ ఎన్ ఎడ్జ్ ఓవర్’ అంటే ఎదుటివారి కన్నా కాస్త పైచేయి.

నదికి బ్యాంక్, చెరువుకీ సముద్రానికీ షోర్, మ్యాపులో కనిపించే తీరమంతా కోస్ట్. ఇక్కడ పెద్దగా తికమక ఉండదు. ‘ఔట్‌స్కర్ట్స్’ ఎప్పుడూ బహువచనమే, ముందు ‘ఆన్’ వస్తుంది.

‘ఔట్ ఆఫ్ బౌండ్స్’, ‘హిజ్ జాయ్ న్యూ నో బౌండ్స్’ రెండిటిలోనూ బౌండ్స్ అంటే హద్దులు. ‘బై లీప్స్ అండ్ బౌండ్స్’లో మాత్రం ఆ పదం వేరు, అక్కడ గంతులు అని అర్థం. ఇడియమ్స్‌లో ఈ మూడింటినీ ఒకే పేజీలో రాసుకుని చదివితే కలిసిపోవు.