ఒడ్డుకు చేరని పక్షుల లెక్క

2015 వేసవి నుంచి 2016 వసంతం దాకా, కాలిఫోర్నియా మొదలు అలాస్కా వరకు ఉన్న పసిఫిక్ తీరంలో చేపలు తిని బతికే కామన్ మర్ అనే సముద్రపక్షుల కళేబరాలు దాదాపు 62,000 ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. సముద్రపక్షుల సర్వే సమాచారాన్ని సరిచూసే ఉద్యోగంలో నేను వాషింగ్టన్ రాష్ట్రంలో చేరేనాటికి ఆ విపత్తు ముగిసిపోయింది. అసలు ఎన్ని చనిపోయాయన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

మర్ పక్షి రోజుకు తన బరువులో సగానికి పైగా చేపలు తినాలి. మూడు నుంచి ఐదు రోజులు తిండి దొరక్కపోతే బతకదు. ఆ ఏళ్లలో సముద్రం అసాధారణంగా వేడెక్కి చిన్న చేపలు తగ్గాయి, ఉన్నవాటిలో కొవ్వూ తగ్గింది. అదే వేడికి ఆకలి పెరిగిన పెద్ద చేపలు వాటికే పోటీపడ్డాయి. కళేబరాలను కోసి చూస్తే రొమ్ము కండరాలు కరిగిపోయి, కొవ్వు లేక, కడుపులు ఖాళీగా కనిపించాయి.

సంక్రాంతికి శ్రీకాకుళం తీరంలోని మా ఊరు భావనపాడు వచ్చినప్పుడు ఇదంతా చెబితే, జీవితమంతా చేపల వేటకు వెళ్లిన మా పెదనాన్న ఒకటే అడిగారు: "ఒడ్డుకొచ్చినవి లెక్కెట్టినారు సరే, గాలికి నడిసంద్రంలోకి పోయినవి ఎవులు సూసినారు?"

మా పనిలో అత్యంత కష్టమైన భాగం అదే. స్వచ్ఛంద కార్యకర్తలు నెలనెలా అదే తీరం ముక్కపై నడిచి, దొరికిన పక్షి ముక్కు, రెక్క, కాలి కొలతలు తీసుకుని, మళ్లీ లెక్కలోకి రాకుండా రంగు ప్లాస్టిక్ పట్టీ కట్టి వదిలేస్తారు. అయితే నక్కలు, గ్రద్దలు ఎన్నింటిని ఎత్తుకుపోయాయో, అలలు ఎన్నింటిని మళ్లీ లాక్కుపోయాయో, ఎన్ని అసలు తీరానికే చేరలేదో అంచనా వేయడానికి గుర్తు వేసిన కళేబరాలనో చెక్క ముక్కలనో వదిలి వాటి జాడ తీసే ప్రయోగాలు ఆధారమవుతాయి. అలాంటి సవరణలతో 2020లో శాస్త్రవేత్తలు మృతుల సంఖ్య పది లక్షల దాకా ఉండవచ్చన్నారు. 2024 చివరలో, అలాస్కాలో పక్షులు గుడ్లుపెట్టే దీవుల్లో విపత్తుకు ముందూ తర్వాతా తీసిన లెక్కలను పోల్చినప్పుడు, ఆ ఒక్క రాష్ట్రంలోనే దాదాపు 40 లక్షలు, అంటే అక్కడి మర్‌లలో సగం, పోయినట్టు తేలింది. పక్షులు చావకముందు ఏళ్ల తరబడి విసుగు లేకుండా లెక్కపెట్టినవారు లేకపోతే ఈ సంఖ్య ఎప్పటికీ తెలిసేది కాదు.

సంఖ్యతోపాటు చనిపోయినవి ఏ వయసువో, ఎందుకో కూడా వన్యప్రాణి అధికారులకు తెలియాలి. మర్ ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది కాబట్టి, పెద్ద పక్షులు పోతే సంతతి కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. కారణం ఆకలైతే చిన్న చేపల వేట గురించి ఆలోచించాలి. బర్డ్ ఫ్లూ అయితే మనుషుల రాకపోకలు ఆపాలి. 2022లో స్కాట్లాండ్‌లో అనేక పక్షుల దీవులకు సందర్శకులను ఆపింది అందుకే.

మన జిల్లాలో వలస పక్షులు విడిది చేసే తేలినీలాపురంలో కొన్నేళ్ల క్రితం గూడబాతులు వరుసగా చనిపోయినప్పుడు నులిపురుగుల బెడద బయటపడింది. చెట్ల కింద పడ్డ పక్షి ఊరి కంట పడుతుంది. 193 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరంలో మాత్రం చనిపోయిన తాబేలు కనిపించినంతగా పక్షి కనిపించదు. రాత్రి ఒడ్డుకు చేరినది తెల్లారేసరికి కుక్కల పాలు, కాకుల పాలు అవుతుంది. అవి కనబడకపోవడాన్ని చావులు లేకపోవడంగా రాసుకోవడం నాకు సమ్మతం కాదు.

అందుకే మా తమ్ముళ్లు ప్రతి అమావాస్య మర్నాడు ఊరి రేవు నుంచి ఒకే కిలోమీటరు నడిచి, ఏమీ దొరక్కపోయినా "సున్నా" అని తేదీతో రాయాలనీ, దొరికితే ముట్టుకోకుండా కొలబద్ద పక్కన పెట్టి ఫోటో తీయాలనీ ఒప్పందం చేసుకున్నాం. ఆ పుస్తకంలో గాలి ఎటునుంచి వీచిందో రాయడానికి ఒక గడి ఉండాలని పెదనాన్న పట్టుబట్టారు. గీత గీసి ఆ గడి చేర్చాం.