ఇంకు తాగేది కాగితం ఒక్కటే కాదు

ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొనేవాళ్లు ముందు చూసేది పేజీల లెక్కే. ఎప్సన్ 003 నల్ల ఇంకు సీసా 65 మి.లీ., 4,500 పేజీలు. అబద్ధం కాదు గానీ, ఆపకుండా వరసగా ప్రింట్ చేస్తే వచ్చే లెక్క అది. ఇళ్లలో ఏం జరుగుతుంది? పిల్లల ప్రాజెక్టుకు నాలుగు పేజీలు, ఆపైన నెలంతా దుమ్ము.

ఈలోగా కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్‌లోని సన్నటి రంధ్రాల్లో ఇంకు ఎండుతుంది, ప్రింటులో తెల్ల గీతలు పడతాయి. కంగారుపడి హెడ్ క్లీనింగ్ మీద క్లీనింగ్ కొడతారు. కొట్టినప్పుడల్లా పంపు మామూలుగా అన్ని రంగులనూ లాగి, వృథా ఇంకును పీల్చుకోవడానికి అడుగునున్న ప్యాడ్‌లో పోస్తుంది. నల్ల అక్షరాలే ప్రింట్ చేసినా పసుపు తగ్గిపోవడానికి ఇదో పెద్ద కారణం.

ముందు నాజిల్ చెక్ తీయండి, అంటే రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే గీతల పేజీ. ఆ గీతలు తెగి ఉంటేనే క్లీనింగ్, వెంటనే మళ్లీ చెక్. మూడుసార్లకీ దారికి రాకపోతే ఆపేసి 12 గంటలు వదిలేయండి. హెడ్‌లో గాలి బుడగలుంటే సర్దుకుంటాయి, గడ్డకట్టిన ఇంకు నానుతుంది. గొట్టాల్లోని ఇంకంతా మార్చేసే పవర్ క్లీనింగ్ ఆఖరి అస్త్రం. ప్రతి ట్యాంకులో కనీసం మూడో వంతు ఇంకు లేకుండా దాని జోలికి పోవద్దు, గొట్టాల్లోకి గాలి దూరితే అసలుకే మోసం.

గోడ దగ్గర స్విచ్ కట్టేసే అలవాటు ఇంకో చిల్లు. ప్రింటర్ బటన్‌తో ఆపితే హెడ్ పక్కకెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. అది కూర్చుని లైటు ఆరాకే గోడ స్విచ్. పని మధ్యలో కరెంటు పోతే, రాగానే ఓసారి ఆన్ చేసి బటన్‌తో ఆపండి.

ఇక ప్యాడ్. అది ఎంత తడిసిందో ప్రింటర్ చూడదు, పోసిన ఇంకును లెక్కగడుతుంది. లెక్క నిండగానే ఎర్ర లైట్లు, ప్రింటింగ్ బంద్. నెట్‌లో దొరికే రీసెట్ సాఫ్ట్‌వేర్ అంకెను సున్నా చేస్తుందంతే, తడిసిన ప్యాడ్ తడిగానే ఉంటుంది. అలాగే వాడితే ఓ రోజు ఇంకు బల్ల మీదికి కారుతుంది. ప్యాడ్ మార్చి, ఆ తర్వాతే రీసెట్. కొన్ని మోడళ్లలో ఈ ప్యాడ్ పని చేసే మెయింటెనెన్స్ బాక్స్ అనే డబ్బా ఉంటుంది, మనమే లాగి కొత్తది పెట్టుకోవచ్చు. కొనేముందు షాపులో ఈ సంగతి అడగండి.

వారానికో నాజిల్ చెక్ పేజీ తీస్తే చాలు, నాలుగు రంగులూ కదులుతాయి. దానికయ్యే ఇంకు, ఒక క్లీనింగ్ మింగేదాని ముందు లెక్కలోకి రాదు.