బాకు పెట్టెలో, ఈటె మొన జేబులో

బాకుల మీద నా ఇష్టం వాటి ఆకారంతో మొదలైంది. పిడి దగ్గర నుంచి మొన దాకా బ్లేడు మధ్యలో ఒక గీత, దానికి అటూ ఇటూ సమానంగా వాలిన తలాలు, రెండు వైపులా పదును. చూడటానికి ఇంత సింపుల్‌గా ఉన్నా చేసేవాడికి చుక్కలు చూపించే కత్తి ఇది. ఒకవైపే పదునుండే కత్తిలో చెయ్యి వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా పెద్దగా తెలియదు. బాకులో ఇట్టే బయటపడుతుంది. అందుకే ఏ బాకు కొనే ముందైనా నేను మొదట చూసేది ఆ నడి గీతనే. మొన అవతలికి ఉండేలా పట్టుకుని, పిడి వైపు నుంచి వెలుతురులో చూస్తే గీత సూటిగా మొనలోకి దిగుతోందా, చివర్లో పక్కకి జరిగిందా అన్నది తెలిసిపోతుంది.

స్పియర్ పాయింట్ అని పిలిచే ఈటె మొన కత్తి దూరం నుంచి బాకులాగే ఉంటుంది. దీని మొన కూడా బ్లేడు నడి గీత మీదే ఉంటుంది. కాకపోతే చాలావాటికి పదును ఒక్క వైపే. రెండోవైపు మొద్దు వెన్ను, లేదంటే మొన దగ్గర పల్చగా చెక్కి పదును పెట్టకుండా వదిలేసిన అంచు. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో ఈ తేడా నాకు అందానికి సంబంధించిన విషయంగానే అనిపించింది. కత్తి జేబులో వేసుకుని బయటికి వెళ్లాలి అనుకున్నాక అసలు విషయమంతా ఇక్కడే ఉందని అర్థమైంది.

బాకులు సేకరించేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఫెయిర్‌బెయిర్న్–సైక్స్ అనే బాకు దగ్గరికి రాకుండా ఉండరు. షాంఘై పోలీసుల్లో పనిచేసిన ఇద్దరు అధికారుల పేర్లు కలిపి పెట్టిన పేరది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోల కోసం 1941లో విల్కిన్సన్ స్వోర్డ్ సంస్థ వీటి తయారీ మొదలుపెట్టింది. మొదటి రకానికి చెయ్యి జారకుండా ఉండే అడ్డు ఎస్ ఆకారంలో వంగి ఉంటుంది. రెండో రకంలో అది తిన్నగా అయింది. మూడో రకానికి పిడి చుట్టూ ఉంగరాల్లాంటి గాట్లుంటాయి. నేను మూడో రకంతో మొదలుపెట్టాను, ఎక్కువగా దొరికేది అదే కాబట్టి. కొనే ముందు అమ్మే మనిషిని మొన ఫోటోలు దగ్గర నుంచి తీసి పంపమని పట్టుబట్టాను. ఈ కత్తి మొన చాలా సన్నం. విరిగిన మొనను అరగదీసి మళ్లీ దిద్దినవి మార్కెట్‌లో తిరుగుతుంటాయి. అలా దిద్దినవాటిలో బ్లేడు పొట్టిగా, మొన దగ్గరి అంచులు కాస్త గుండ్రంగా కనిపిస్తాయి.

ఇంటికొచ్చాక దాన్ని ఒరలోంచి తీసి విడిగా పెట్టాను. తోలు ఒర చూడముచ్చటగా ఉంటుంది కానీ తేమను పట్టి ఉంచుతుంది, తోలు ఊనడానికి వాడిన పదార్థాలు కొన్ని ఉక్కును తినేస్తాయి. ఇత్తడి భాగాల మీద పచ్చని కిలుము పట్టేది కూడా అలాగే. బ్లేడుకు పల్చగా మినరల్ ఆయిల్ రాసి, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి ఉంచుతాను. పాత కత్తి మీది నల్లటి మచ్చల్ని తళతళలాడేలా రుద్దే పని మాత్రం చెయ్యకూడదు. ఆ రంగే దాని వయసు. అది పోతే సేకరించేవాళ్ల దృష్టిలో కత్తి విలువ సగం పోయినట్టే. పాతదానికి సాన పట్టడం గురించి అసలు ఆలోచించను.

కొత్తగా తయారైన బాకుకు సాన పట్టడం వేరే కథ. మామూలు కత్తికి వెన్ను మీద వేళ్లు ఆన్చి రాయి మీద నడిపిస్తాం. ఇక్కడ వేళ్లు పెట్టాల్సిన చోట ఇంకో పదును ఉంటుంది! అందుకని రెండో అంచుకు మందపాటి టేప్ మడిచి అంటిస్తాను. ఒక తలం మీద ఎన్నిసార్లు లాగానో మిగతా మూడింటి మీదా అన్నిసార్లే లాగుతాను. లెక్క తప్పితే ఒక అంచు ఎక్కువ అరిగి, మొన నడి గీత మీద నుంచి పక్కకి జరిగిపోతుంది. రాపిడికి అంచు అవతలి వైపు సన్నటి పొర లేచిందా లేదా అన్నది గోటితో మెల్లగా తడిమి చూడాలి, అంచు పొడవునా వేలు పోనివ్వకూడదు. ఈ పని చేసేటప్పుడు నేను ఫోన్ కూడా దగ్గర పెట్టుకోను.

ఇక వెంట తీసుకెళ్లే విషయం. దీనికి ముందు నేను చేసింది చట్టాలు చదవడం. కత్తి కొనడం కంటే దీనికే ఎక్కువ ఓపిక కావాలి. బ్రిటన్‌లో మడిచే కత్తి అంచు 3 అంగుళాలు దాటకుండా, తెరిచాక లాక్ పడకుండా ఉంటేనే కారణం చెప్పక్కర్లేకుండా జేబులో ఉంచుకోవచ్చు. పిడికిట్లో అడ్డంగా పట్టుకునే పుష్ డాగర్ లాంటి కొన్ని రకాలు 2021 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరం. టెక్సస్‌లో దీనికి దాదాపు రివర్స్. బాకును వెంట తీసుకెళ్లకూడని కత్తుల జాబితా నుంచి 2017లో తీసేశారు, కానీ బ్లేడు 5.5 అంగుళాలు దాటితే స్కూళ్ల లాంటి చోట్లకు తీసుకెళ్లకూడదు. కాలిఫోర్నియాలో బాకును బట్టల మాటున దాచి తిరగడమే నేరం. ఇన్ని చదివాక నాకు స్పష్టమైంది ఒకటే. చట్టం నిడివినే కాదు, రెండో పదునునూ, లాకునూ, దాచిన తీరునూ చూస్తుంది. ఒక ఊళ్లో చెల్లిన కత్తి పక్క ఊళ్లో చెల్లకపోవచ్చు. అందుకే ప్రయాణమంటే మధ్యలో వచ్చే ప్రతి చోటి రూలూ చూసుకునే బయల్దేరతాను. విమానంలోనైతే కత్తి చెక్ ఇన్ బ్యాగులోనే, మొనకు గట్టి తొడుగు వేసి.

చట్టం ఒప్పుకున్న చోట కూడా బాకును నడుముకు కట్టుకుని తిరగడం నాకు సమ్మతం కాదు. ఒరలో పెట్టే ప్రతిసారీ రెండు అంచులూ లోపలి కుట్లను కోస్తుంటాయి. చూడకుండా తోస్తే మొన పక్కకి పొడుచుకొస్తుంది. పైగా రోజూ ఉండే పనులేంటి? పార్సిల్ విప్పడం, తాడు కోయడం, చెక్క ముక్క చెక్కడం. వీటికి బొటనవేలు ఆన్చడానికి వెన్ను కావాలి, అది బాకుకు లేదు. దాన్ని చేసిందే పొడవడానికి, జేబులోకి వచ్చినంత మాత్రాన ఆ సంగతి మారదు. ఎదుటివాళ్లూ దాన్ని అలాగే చూస్తారు.

అందుకని జేబులోకి మడిచే ఈటె మొన కత్తి తీసుకున్నాను. లాక్ లేనిది, పొట్టిది, ఒకవైపే పదునున్నది. ఈ ఆకారం పనికి కొత్తేం కాదు, స్విస్ సైన్యం 1890 మోడల్ జేబుకత్తి బ్లేడు కూడా ఈటె మొనదే. మడత కత్తికి రెండు పదునులు ఎందుకు అరుదో కూడా చేతిలో పట్టుకుంటేనే తెలిసింది. మూసినప్పుడు ఒక అంచు పిడిలోకి పోతుంది, రెండోది వెన్ను వైపు బయటే ఉండిపోతుంది. దానికి పదును ఉంటే జేబులో చెయ్యి పెట్టలేం. అందుకే ఆ అంచును కంటికి మాత్రమే బాకులా కనిపించేలా చెక్కి వదిలేస్తారు. నాకు ఆ మాత్రం పోలిక చాలు.

ఇప్పుడు రోజూ బయటికి వెళ్లేటప్పుడు అది కుడి జేబులో ఉంటుంది. స్కూలుకో, ప్రభుత్వ ఆఫీసుకో, జనం గుమిగూడే చోటికో వెళ్తే ఇంట్లోనే వదిలేస్తాను. నలుగురిలో వాడాల్సి వస్తే ముందు చెప్పి తెరుస్తాను, పని అవ్వగానే మూసేస్తాను. బాకులు పెట్టెలో తాళం వేసి ఉంటాయి. చూడాలని ఎవరైనా వస్తే బల్ల మీద గుడ్డ పరిచి, మొన వాళ్ల వైపు కాకుండా పెట్టి, నడి గీతను ఎలా చూడాలో చూపిస్తాను.