మొత్తం స్కోరు చూపించి పంపేశారు: మా బాబు మోటార్ (శరీర కదలికల) టెస్టు, నా అనుభవం

రెండో రిపోర్టు ఇవాళ చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా బాబుకి ఏడేళ్లు. మేం దత్తత తీసుకున్నాం. కన్నతల్లి గర్భంతో ఉన్నప్పుడు మద్యం తాగేదని దత్తత ఫైల్లోనే ఉంది. అందుకే ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ (కడుపులో ఉండగా మద్యం తగలడంతో బిడ్డకి వచ్చే సమస్య) ఉందేమో చూపించడానికి వెళ్లాం. ఎత్తు, బరువు, తల చుట్టుకొలత, కంటి వెడల్పు తీసుకున్నారు. ముక్కు కింది గాడిని, పై పెదవిని ఫొటోలతో పోల్చి చూశారు. ఇవన్నీ ఇట్టే అయిపోయాయి. ముఖంలో తేడా లేదన్నారు. ఈ సమస్య ఉన్న పిల్లల్లో చాలామందికి ముఖంలో ఏమీ కనిపించదు. "ముఖం బాగానే ఉందిగా" అన్నారని వెనక్కి వచ్చేయకండి.

అసలు బాధంతా మోటార్ టెస్టు దగ్గరే. మొదటిచోట మూవ్‌మెంట్ ఏబీసీ-2 అనే టెస్టు చేశారు. మొత్తం 8 పనులు: బోర్డు రంధ్రాల్లో పెగ్గులు పెట్టడం, లేసు దూర్చడం, రెండు గీతల మధ్య దాటకుండా గీయడం, బంతి పట్టడం, ఒంటికాలి మీద నిలబడటం, అలాంటివి. పెగ్గుల దగ్గర మావాడి భుజాలు బిగుసుకుపోయాయి. కుడిచేత్తో పెగ్గు పెడుతుంటే బోర్డు పట్టుకున్న ఎడమచేతి వేళ్లు కూడా వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయి. పరీక్ష చేస్తున్నావిడ స్టాప్‌వాచ్ మీదనుంచి కళ్లు తిప్పలేదు.

అయిపోయాక వాడి ఎదురుగానే అంది: "బంతి చక్కగా పడుతున్నాడు కదమ్మా. బద్ధకం తప్ప ఏం లేదు. పెంచుకున్న పిల్లాడని అన్నీ మీరే చేసిపెడుతుంటారు."

వరండాలోకి వచ్చాక వాడు "అమ్మా, నేను బద్ధకస్తుణ్ణా?" అని అడిగాడు. పిల్లల ఎదుట వాళ్ల గురించి ఇలా మాట్లాడేవాళ్లకి పరీక్ష చేసే అర్హత ఎంత చదివినా రాదు. ఇది నా గట్టి నమ్మకం.

రిపోర్టులో ఒకే వాక్యం: మొత్తం స్కోరు 9వ పర్సంటైల్ (అంటే వాడి ఈడు నూరుమంది పిల్లల్లో కిందినుంచి సుమారు 9వ స్థానం), ప్రాక్టీసు చేయించండి. విభాగాలవారీ స్కోర్లు అడిగితే "అవి మీకెందుకు" అన్నారు. కాగితం మీద రాసిచ్చి పట్టుబడితే ఇచ్చారు. చేతిపని 1వ పర్సంటైల్, బ్యాలెన్స్ 5, విసరడం-పట్టడం 63! బంతి బాగా పట్టాడు కాబట్టి చేతుల ఇబ్బంది మొత్తం స్కోరులో మునిగిపోయింది.

ఈ సమస్య నిర్ధారణకి కెనడా 2015 మార్గదర్శకాల ప్రకారం చూసే మెదడు పనితీరు విభాగాలు 10. వాటిలో కనీసం 3 బాగా దెబ్బతినాలి. అంటే స్కోరు సుమారు 3వ పర్సంటైల్ కంటే కిందుండాలి. మోటార్ నైపుణ్యాలు అందులో ఒకటి. ఫైన్ మోటార్ (చేతివేళ్లతో చేసే చిన్న పనులు) లాంటి ఒక్క ఉపవిభాగం ఆ గీత కింద ఉన్నా లెక్కలోకి వస్తుంది. మా ఇంటివాళ్లు తేలిపోతుందనుకున్నారు గానీ, మోటార్ టెస్టు ఒక్కదానితోనే జబ్బు తేలదు. కానీ ఇక్కడ పోగొట్టుకుంటే 3 విభాగాల లెక్కలో ఒకటి తగ్గిపోతుంది.

రెండోచోట ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణురాలు) వేరే మోటార్ టెస్టు పెట్టింది, దాని పేరు బీఓటీ-2. చేసిన టెస్టే వెంటనే మళ్లీ చేస్తే అలవాటుతో స్కోరు పెరుగుతుందట. షార్ట్ ఫామ్ (కుదించిన టెస్టు) కాకుండా పూర్తి టెస్టు చేసింది, మధ్యలో వాడికి విశ్రాంతి ఇచ్చింది. కత్తెరతో గుండ్రంగా కత్తిరించేటప్పుడు వాడు కాగితం తిప్పకుండా మోచెయ్యి పైకెత్తి ఒళ్లు తిప్పుతున్నాడని రాసుకుంది. నంబర్లతో పాటు ఇలా ఎలా చేశాడో కూడా రిపోర్టులో ఉంటేనే స్కూలువాళ్లకి అర్థమవుతుంది. తప్పకుండా రాయించుకోండి.

ఫైన్ మోటార్ గీత కిందే వచ్చింది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లోనూ అంతే కావడంతో నిర్ధారణ అయింది. వాడి బద్ధకం కాదని ఇప్పుడు కాగితం మీద ఉంది. రెండు రిపోర్టులూ జతచేసి, ఆవిడ అన్న మాటతో సహా రాసి, మొదటిచోట పెద్ద డాక్టరుకి ఈ సాయంత్రమే పంపాను.