ఏది సప్లై, ఏది రిటర్న్?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గ్యారేజీలో బండి విప్పేవాడు ఒకడు, బిగించేవాడు మరొకడు. విప్పినవాడికి మధ్యలో సెలవు దొరికితే విమానం ఎక్కేస్తాడు. నేను వచ్చిన మొదటి వేసవిలో అలా ఒక క్యాంటర్ లారీ డీజిల్ ట్యాంకు నా మెడకు చుట్టుకుంది.

తుప్పు పట్టి కారుతోందని ట్యాంకు దించి, కడిగించి, వెల్డింగు చేయించి పక్కన పెట్టారు. దించిన కుర్రాడు ఢాకా వెళ్లిపోయాడు. పైపుల మీద ఒక్క గుర్తు లేదు. ట్యాంకు పైమూత మీద మూడు గొట్టాలు, ఛాసిస్ నుంచి వేలాడుతూ మూడు రబ్బరు పైపులు. అన్నిటికన్నా సన్నగా ఉండి పైకి వంగి పోయేది గాలి పైపు; అందులో అనుమానం లేదు. మిగిలిన రెండింటిలో లావుది సప్లై, సన్నది రిటర్న్ అని కొత్తవాడికి కూడా తెలుసు. ఇంజనుకు కావలసినంత డీజిల్ పంపు లాగాలి కాబట్టి సప్లై లావుగా ఉంటుంది, వాడగా మిగిలింది మాత్రమే రిటర్న్‌లో తిరిగి వస్తుంది. కాని ఈ బండికి ఎవరో మహానుభావుడు రెండింటికీ ఒకే సైజు పైపు వేసి, సన్న గొట్టం మీద వదులుగా ఉన్నచోట క్లాంపు పిసికి సరిపెట్టాడు.

ఛాసిస్ వెంట పాకుతూ ఇంజను దాకా చూసి ఉండవలసింది. నీటిని వేరుచేసే గిన్నెకు, అక్కడి నుంచి ఫీడ్ పంపుకు, ఫిల్టరుకు పోయేది సప్లై. ఇంజెక్టర్ల దగ్గర మిగిలింది మోసుకొచ్చేది రిటర్న్. ఇంత సులువు. కాని అప్పుడు పన్నెండుంబావు అయింది. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. ఆలోగా ముగించాలని అందాజుగా తగిలించేశాను. ఇంజను స్టార్టయింది, చక్కగా నడిచింది. డ్రైవరు ట్యాంకు నిండా డీజిల్ కొట్టించుకుని పోయాడు.

మర్నాడు ధైద్ రోడ్డు మీద బండి ఆగింది. ఇంజనులోకి డీజిల్ ఎక్కించే చేతి పంపు కొడితే నురగ తప్ప డీజిల్ రావడం లేదు. గ్యారేజీ పెద్ద మేస్త్రీ, మేము ఉస్తాద్ అంటాం, నన్ను వెంట తీసుకుని వెళ్లాడు. ఆయనది పెషావర్ వైపు. తిడతాడనుకున్నాను. ట్యాంకుకు డీజిల్ పోసే మూత తీసి, రెండు పైపులూ ఊడదీసి, "ఊదు బేటా" అన్నాడు.

ఒక గొట్టంలో ఊదితే అడుగు నుంచి గుడగుడమని బుడగలు వచ్చాయి. రెండోదాంట్లో ఊదితే ఉత్త గాలి. మొదటిది అడుగుదాకా దిగిన సప్లై. రెండోది పైనే ఆగిపోయిన పొట్టి రిటర్న్. నేను ఇంజనుకు పోయే పైపును ఆ పొట్టి గొట్టానికి తగిలించాను. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు అదీ డీజిల్లో మునిగే ఉంది కాబట్టి తప్పు బయటపడలేదు. మట్టం తగ్గగానే గాలి పీల్చింది. నిండు ట్యాంకులో ఊదినా లాభం లేదు, రెండూ గుడగుడమంటాయి. పైగా ఆ రోజంతా నోట్లో డీజిల్ రుచే. రాత్రి క్యాంపులో పప్పు కూడా అదే రుచి. పెట్రోలు బండికి మాత్రం ఈ పని ఎవరూ చేయకండి.

నడిచిన ఇంజనులో వెచ్చగా తగిలే పైపే రిటర్న్ అని కొందరు చెబుతారు. నిజమే. ఆగస్టులో షార్జా రండి, ఛాసిస్ మీద వెచ్చగా లేనిది ఏదో చూపించండి.

అమెరికా పాత పెట్రోలు పికప్పులు వచ్చినప్పుడు నాకు ఇబ్బంది తక్కువ. చాలావాటిలో పైపుల సైజులే చెబుతాయి: 3/8 అంగుళాలది ఇంజనుకు, 5/16ది రిటర్న్, 1/4ది పెట్రోలు ఆవిరిని బొగ్గు డబ్బాకు తీసుకుపోయేది. రెండు ట్యాంకుల బండి అయితేనే కూర్చుని ఆలోచించాలి. ఒక ట్యాంకు నుంచి తీసుకున్నది రెండో ట్యాంకులోకి తిరిగి వెళితే, ఒకటి ఖాళీ అవుతుంటే ఇంకొకటి పొర్లుతుంది.

మాది సిరిసిల్ల. అమ్మ సాంచాల (మరమగ్గాల) దగ్గర పడుగు పోగులు అతికేది, వేల పోగులు. నేను మూడు పైపుల దగ్గర తప్పానని ఫోనులో చెబితే నవ్వి, "దారం కట్టుకోరా" అంది. అప్పటి నుంచి ఏ ట్యాంకు దించినా పైపుకూ దాని గొట్టానికీ ఒకే రంగు దారం కడతాను. సప్లైకి ఎరుపు, రిటర్న్‌కు తెలుపు. గ్యారేజీకి దారమేమిటని స్టోరు చూసే మలయాళీ అన్న బిల్లు పాస్ చేయలేదు. నా జేబు నుంచే.

మొన్న ఒక బండి అయిదు నెలలు షెడ్డులో పడి ఉండి, మళ్లీ బిగించడానికి వచ్చింది. దారాలు ఉన్నాయి. ఎర్రది డీజిల్ తాగి నల్లబడింది, తెల్లదీ నల్లబడింది. ట్యాంకులో నాలుగు లీటర్లు పోసి మళ్లీ ఊదాను. ఇప్పుడు రంగులు మానేశాను. సప్లైకి ఒక ముడి, రిటర్న్‌కు రెండు.