రోజుకు ఒక మిల్లీమీటరు

2025 జనవరిలో పుణెలో జీబీఎస్ కేసులు గుంపుగా బయటపడ్డాయని టీవీలో చెబుతుంటే మా ఆవిడ లేచి టీవీ కట్టేసింది. గిలాన్-బారే సిండ్రోమ్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి నరాల మీద పడే జబ్బు. అది నాకు వచ్చి ఏడాదిన్నర దాటింది. భయం చాలావరకు పోయింది, కోపం మాత్రం ఇంకా కొంచెం మిగిలే ఉంది. అందుకే రాస్తున్నాను.

2023 సెప్టెంబరు మొదట్లో పిల్లలను చంద్రగిరి కోటకు తీసుకెళ్ళాను. నేను ఆర్కిటెక్చర్ చెప్పే మాస్టారిని. రాజమహల్‌ను టేపు పట్టి కొలిచి గీయించడం ప్రతి ఏటా నాకు ఇష్టమైన పని. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో అంతంత అంతస్తులు ఎలా నిలబెట్టారో చూపిస్తుంటే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి. ఆ రోజు బయట ఏం తిన్నానో ఏం తాగానో గానీ మర్నాటి నుంచి విరేచనాలు. మూడు రోజుల్లో తగ్గాయి. మర్చిపోయాను.

పది రోజుల తర్వాత అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. దూది మీద నడుస్తున్నట్టు ఉండేది. కాలేజీ వరండాలో పోతుంటే వెనకనుంచి ఒక అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి, "సార్, మీ చెప్పు" అని చేతికిచ్చింది. ఎడమకాలి చెప్పు ఊడిపోయి ఇరవై అడుగులు నడిచాను. నాకు తెలియనే లేదు.

ఆ సాయంత్రమే ఒక ఆసుపత్రికి పోయాను. పేరు రాయను. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. బీపీ చూశాడు, షుగర్ చూశాడు, నవ్వాడు. "లెక్చరర్లు కదా సార్, నిలబడి నిలబడి ఇట్లనే ఉంటుంది. టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. బీ12 ఇంజెక్షన్ పొడిపించి పంపేశాడు. ఈ మధ్య విరేచనాలు అయ్యాయా అని అడగలేదు. మోకాలి మీద సుత్తితో ఒక్కసారి తట్టి చూడలేదు. నేను ఇంటికొచ్చి రెండు రోజులు పడుకున్నాను. మూడో రోజు రాత్రి మంచం మీద నుంచి లేవబోతే మోకాళ్ళ కింద కాళ్ళు నావి కావు.

మా బావమరిది రాత్రి రెండు గంటలకు కారు తీశాడు. మా ఇళ్ళలో పెద్ద జబ్బంటే వెల్లూరే. కాణిపాకం మలుపు దగ్గర మా ఆవిడ కళ్ళు మూసుకుని దండం పెట్టుకోవడం చూశాను. చిత్తూరు దాటేసరికి చేతుల్లో కూడా పట్టు పోయింది. అక్కడ క్యాజువాలిటీలో ఒక డాక్టరమ్మ వచ్చీరాగానే రబ్బరు సుత్తి తీసి మోకాలి మీద తట్టింది. కదలలేదు. రెండోది తట్టింది. అదీ కదలలేదు. ఈ జబ్బులో సాధారణంగా ఆ కుదుపు పోతుందని తర్వాత తెలిసింది. "విరేచనాలు ఎప్పుడైనాయి సార్?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు ఆమెకు నా జన్మంతా రుణపడి ఉంటాను.

వెన్నులో నీరు తీయడం, నరాల పరీక్ష, అవన్నీ అయ్యాయి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలన్నారు, అంటే దాతల రక్తం నుంచి తీసే రక్షణ ప్రోటీన్ల మందు. నా బరువు 62 కిలోలు, కిలోకు 2 గ్రాముల లెక్కన 5 గ్రాముల సీసాలు 25, ఐదు రోజుల్లో. మా ఆవిడ గాజులు కుదవ పెట్టింది.

ఇక ఆ రెండో రాత్రి. ఈ జబ్బు కాళ్ళ నుంచి పైకి ఎక్కుతుంది. ఛాతీ దాకా వస్తే ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. అందుకని రెండు గంటలకోసారి నర్సు వచ్చి, గట్టిగా ఊపిరి పీల్చి ఒకే బిగిన అంకెలు చెప్పమనేది. సాయంత్రం ఆరుకు 31 దాకా చెప్పాను. ఎనిమిదికి 27. పదికి 22. పన్నెండుకు 18. ఆమె ఏమీ అనకుండా రాసుకుంటోంది. నేను మాత్రం అర్థం చేసుకున్నాను. ముప్పై ఏళ్ళు కొలతలతో బతికినవాడిని, గీత ఎటు దిగుతోందో చూడలేనా? రెండింటికి 15 దగ్గర గొంతు ఆగిపోయింది. పదహారు అనే మాట నోట్లోనే ఉంది, దానికి గాలి లేదు. ఇద్దరు మనుషులు వెంటిలేటర్‌ను నా మంచం పక్కకు తోసుకొచ్చి ప్లగ్ పెట్టారు. దాని పచ్చలైటు వైపు తల తిప్పకుండా పడుకున్నాను. తిప్పే బలమూ లేదు. మా అమ్మ చిన్నప్పుడు అలిపిరి మెట్లకు పసుపు కుంకుమ పెడుతూ ఎక్కించినప్పుడు నేను మెట్లు లెక్కపెట్టేవాడిని, మొత్తం 3550. ఆ రాత్రి మనసులో మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాను. ఒక్కో ఊపిరికి ఒక్కో మెట్టు. నాలుగు గంటలకు నర్సు వచ్చింది. 15. తగ్గలేదు. ఆరింటికి 16 అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి, "చాలు సార్, చాలు" అంది. ట్యూబు వేయాల్సిన అవసరం రాలేదు. స్వామి దయ అని నేను నమ్ముతాను. డాక్టరమ్మతో అంటే "మందు కూడా ఉంది సార్" అంది. రెండూ నిజమే.

నాలుగో రోజు తెర అవతల బావమరిది ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. "బంగారం మాదిరి ప్రాక్టీసు వదిలేసి పంతులు పనికి పోయినాడు. అదుంటే అక్క గాజులు కుదవ పెట్టే గతి పట్టేదా?" నాకు అప్పుడు పెదాలు కూడా సరిగా కదలడం లేదు. జవాబంతా లోపలే చెప్పుకున్నాను, ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో బి.ఆర్క్ చదివి, చెన్నైలో నాలుగేళ్ళు పనిచేసి, 1999లో తిరుపతిలో సొంతంగా బోర్డు పెట్టాను. కొండకొచ్చే జనం పెరిగేకొద్దీ లాడ్జీలు, అపార్టుమెంట్లు. డబ్బు వచ్చింది. ప్లానులో కట్టడం చుట్టూ వదిలిన ఖాళీ జాగా, సెట్‌బ్యాకు, కట్టేటప్పుడు ఉండేది కాదు. మూడంతస్తులకు లెక్కవేసిన పిల్లర్ల మీద నాలుగోది లేచేది. అడిగితే "మీకెందుకు సార్, ఫీజు ఇచ్చినాం కదా" అనేవారు. సంతకం మాత్రం నాది. 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలింది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం. మర్నాడు పొద్దున్నే పోయి ఆ రాళ్ళ గుట్ట ముందు నిలబడ్డాను. దాని బీటలు అంతకుముందు ఎన్నిసార్లు చూశానో. చూసి, దండం పెట్టుకుని, దర్శనానికి పోయాను. మరుసటి ఏడాది కాలేజీలో చేరాను. జీతం సంపాదనలో మూడో వంతు. మొదటి ఏడాది పిల్లలకు చెప్పే మొదటి పాఠం ఒకటే: బీట కనిపిస్తే చేత్తో తట్టండి, పూత పగిలిందా గోడే పగిలిందా శబ్దం చెబుతుంది. తట్టకుండా మాట్లాడకండి. అది చెప్పడానికే పోయానప్పా.

అదే బావమరిది ఆ తర్వాత మూడు నెలలు రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చి నన్ను ఎత్తి బాత్రూమ్‌కు తీసుకెళ్ళాడు. ఒక్కరోజు ముఖం చిట్లించలేదు. ఆ మాట విన్నానని వాడికి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. చదవనీ. రెండూ వాడివే, రెండూ నాకు గుర్తున్నాయి.

మీలో ఎవరికైనా విరేచనాలో జలుబో తగ్గిన రెండు మూడు వారాల్లో కాళ్ళు తిమ్మిరెక్కి, నీరసం పైకి పాకుతుంటే టెన్షన్ అనే మాట నమ్మకండి. రేపు చూద్దామనుకోకండి. "మోకాలు తట్టి చూడండి డాక్టర్" అని మీరే అడగండి.

చేతులు ఆరు నెలల్లో చాలావరకు తిరిగొచ్చాయి. బోర్డు మీద ఆర్చి గీస్తే గీత కొంచెం వణుకుతుంది, పిల్లలు ఏమీ అనరు. కుడిపాదం మాత్రం వేలాడుతుంది, బూటులో ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని నడుస్తాను. నరం తిరిగి మొలవాలంటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు అని డాక్టరమ్మ చెప్పింది. మా డ్రాయింగుల కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. నడుము నుంచి పాదానికి దాదాపు మీటరు, అంటే వెయ్యి రోజులు.

ఇంటికొచ్చిన వారానికి ఒక గ్రాఫు షీటు గోడకు అంటించమన్నాను. రోజుకు ఒక మిల్లీమీటరు గడి. మొదట్లో నాకు పెన్సిలు పట్టు లేక మా ఆవిడే నింపేది, ఇప్పటికీ తనే నింపుతుంది. ఆ రాత్రి ఐసీయూ బయట కూర్చుని తలనీలాలు ఇస్తానని మొక్కుకుందట, నాకు చెప్పకుండానే కొండకు పోయి ఇచ్చి వచ్చింది. ఇప్పుడు ఆ జుట్టు మెడ దాటింది. నిన్న పొద్దున 608వ గడి నింపి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, నా కుడికాలి బొటనవేలు పట్టుకుని, "ఏదీ, ఎత్తండి" అంది. ఎత్తాను. కొంచెం లేచింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.